ఇంట్లో ఉప్పునీటి రీఫ్ ట్యాంకు: విజయవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రీఫ్ ట్యాంకు అంటే సముద్రపు చేపలతో పాటు పగడాలను కూడా పెంచే ఉప్పునీటి అక్వేరియం. నా మొదటి రీఫ్ ట్యాంకు అయిదేళ్లు బాగా నడిచింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు పోయింది. మాది మొదటి అంతస్తు కాబట్టి వరద నీళ్లు ట్యాంకు దాకా రాలేదు, కరెంటు లేకే చచ్చిపోయింది. ఆ తర్వాత అదే గాజుతో, అదే రాళ్లతో మళ్లీ కట్టుకున్నాను. అప్పటి నుంచి తెలిసినవాళ్లూ, వాళ్లకు తెలిసినవాళ్లూ అడుగుతున్న ప్రశ్నలివి. కొత్తగా పెట్టేవాళ్లకూ, పాడైన ట్యాంకును మళ్లీ లేపాలనుకునేవాళ్లకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మన ఎండలకు పగడాలు బతుకుతాయా?

బతుకుతాయి, కానీ నీళ్లను చల్లగా ఉంచే ఏర్పాటు ముందే ఉండాలి. రీఫ్ ట్యాంకు నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన ఊళ్లో బయట 43, 44 డిగ్రీలు వచ్చే రోజులుంటాయి. ఇంట్లో గాలే 35 దాటుతుంది. ఆ పైన పంపులు, లైట్లు కూడా నీళ్లను వేడి చేస్తాయి.

పగడం ఒంట్లో కంటికి కనపడని నాచు కణాలు కాపురం ఉంటాయి. వెలుతురు తీసుకుని అవి వండిపెట్టేదే పగడానికి ముఖ్యమైన తిండి. నీళ్లు 30 డిగ్రీలు దాటి రోజుల తరబడి అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి పంపేస్తుంది. అప్పుడు తెల్లగా పాలిపోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది.

నీళ్ల మీదకి చిన్న ఫ్యాను పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. ఫ్యాను నీళ్లను ఆవిరి చేసి చల్లబరుస్తుంది, అంటే మన కుండ చేసే పనే. వడగాలి వీచే పొడి మధ్యాహ్నాల్లో అది రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. ఉక్కపోత రోజుల్లో గాలిలో అప్పటికే తేమ ఉంటుంది కాబట్టి పని చేయదు. మనకి రోహిణి కార్తె ఎంత కష్టమో, ఆ తర్వాత వచ్చే ఉక్కపోత కూడా అంతే కష్టం. అందుకే నా మాట ఒకటే: ఇక్కడ రీఫ్ పెట్టాలంటే చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కొనాల్సిందే. దానికి డబ్బు కుదరకపోతే కుదిరేదాకా ఆగండి. 26 డిగ్రీలకు పెట్టుకుంటే సరిపోతుంది. చిల్లర్ నీళ్లలోంచి తీసిన వేడిని గదిలోకే వదులుతుంది, కాబట్టి దాన్ని మూసిన స్టాండులో దాచకండి. గాలి ఆడే చోట పెట్టండి.

కరెంటు పోతే ఎంతసేపు తట్టుకుంటుంది?

పగడాల సంగతి అడిగే ముందు ఈ ప్రశ్న అడగాలి. కరెంటు పోగానే ముందు ఆగేది నీళ్ల కదలిక. నీళ్లు కదలకపోతే గాలిలోని ఆక్సిజన్ లోపలికి దిగదు. మంచినీళ్లకంటే ఉప్పునీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, వేడెక్కితే ఇంకా తక్కువ. చేపలు ఎక్కువగా ఉన్న ట్యాంకులో కొన్ని గంటల్లోనే పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెడతాయి.

ఇన్వర్టర్ మీద ముందుగా వేవ్ మేకర్ (ట్యాంకులో నీళ్లను కదిలించే చిన్న పంపు) పెట్టండి. 20 వాట్ల వేవ్ మేకర్ ఒక్కటే నడిపితే బాగున్న 150 ఏహెచ్ బ్యాటరీ ఒక రోజుకు పైనే లాగుతుంది. అదే బ్యాటరీ మీద ఇంట్లో నాలుగు ఫ్యాన్లు, టీవీ ఉంటే రాత్రికే ఖాళీ. మా ఇంట్లో జరిగింది అదే. వరద వచ్చిన రోజు రాత్రే ఇన్వర్టర్ ఆగిపోయింది. అప్పుడు ఇంట్లో అందరం వంతులేసుకుని చెంబుతో నీళ్లు తీసి, మూరెడు ఎత్తు నుంచి మళ్లీ ట్యాంకులో పోస్తూ కూర్చున్నాం. అది నిజంగా పనిచేసింది. మూడో రోజు పడవ వచ్చి మమ్మల్ని తీసుకెళ్లేదాకా చేపలు బతికే ఉన్నాయి. తిరిగొచ్చేసరికి ఒక్క చేపా మిగల్లేదు.

ఇప్పుడు నా దగ్గర ట్యాంకుకి విడిగా ఒక బ్యాటరీ ఉంది, ఇంటి ఫ్యాన్లకీ దానికీ సంబంధం లేదు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపులు రెండు అదనంగా ఉన్నాయి. కరెంటు లేనప్పుడు మేత వేయకండి, తిన్న చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. లైట్లు లేకపోయినా పగడాలు రెండు మూడు రోజులు ఓర్చుకుంటాయి, వాటి గురించి టెన్షన్ పడొద్దు.

ఇంకొక్క మాట. ఉప్పునీళ్లు, కరెంటు పక్కపక్కనే ఉండే చోటు ఇది. ట్యాంకు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందకి వేలాడి పైకి వచ్చేలా కట్టండి, అప్పుడు వైరు వెంట జారే నీటి చుక్క ప్లగ్గులోకి వెళ్లకుండా కింద రాలిపోతుంది.

పగడాలు పెంచడం చట్టానికి విరుద్ధమా?

గట్టి పగడాలు, అంటే ఒంట్లో సున్నపు ఎముక ఉండే రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్నదీ అదే షెడ్యూల్. నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలకు కూడా ఆ చట్టం రక్షణ ఉంది. మన సముద్రంలోంచి తీసిన ‘లైవ్ రాక్’ కూడా పగడాల అస్థిపంజరమే కాబట్టి దాన్నీ ముట్టుకోకూడదు. షాపువాడు ‘ఏం కాదు సార్, అందరూ తీసుకుంటున్నారు’ అంటాడు. కేసు పడేది మీ మీద.

మరి రీఫ్ ట్యాంకులో ఏం పెడతాం? మెత్తటి పగడాలు. మష్రూమ్‌లు, జోయాంథిడ్లు, లెదర్ పగడాలు, జీనియా. ఇవి ఎదిగి పిల్లలు పెట్టి రాయంతా పరుచుకుంటాయి, మరొకరి ట్యాంకులో పెరిగిన ముక్క తెచ్చుకుంటే చాలు. షాపులో కొంటే బిల్లు, దిగుమతి కాగితాలు అడగండి. లేవంటే వదిలేయండి. రాళ్ల విషయానికొస్తే సిరామిక్‌వి, సిమెంటుతో పోతపోసినవి దొరుకుతాయి. సిమెంటు రాళ్లను కొన్ని వారాలు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, పీహెచ్ దిగేదాకా ఆగాలి.

అడవి నుంచి జింకపిల్లను తెచ్చి పెరట్లో కట్టేసుకోం కదా. మన్నార్ సింధుశాఖలో, అండమాన్‌లో, లక్షద్వీప్‌లో మిగిలిన పగడపు దిబ్బలను కూడా నేను అలాగే చూస్తాను.

సూర్యలంక నుంచి సముద్రపు నీళ్లు తెచ్చుకోవచ్చా? ఉప్పు ఖర్చు మిగులుతుంది కదా?

గుంటూరు మిత్రులు తప్పకుండా అడిగే ప్రశ్న. తెచ్చుకోవద్దనే చెబుతాను. కృష్ణా, గోదావరి తెచ్చి కలిపే మంచినీళ్లు, ఒండ్రుమట్టి మన తీరంలో ఎక్కువ. మన ఒడ్డున పగడపు దిబ్బలు పెరగకపోవడానికి పెద్ద కారణం అదే. రీఫ్‌కి కావలసిన లవణీయత 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు. వర్షాలయ్యాక ఒకసారి సూర్యలంకలో నేను కొలిస్తే 26 వచ్చింది. పైగా ఒడ్డు నీళ్లలో చెరువుల కాల్వలు, పొలాల మందులు ఏం కలిశాయో మనకు కనపడదు.

కల్లుప్పు అసలే పనికిరాదు. అది దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయి, పగడాలకి కావలసింది అవే. రీఫ్‌కని తయారుచేసిన ఉప్పు కొనాలి. లీటరుకు దాదాపు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది, 200 లీటర్లకు ఏడు కిలోల పైమాటే.

లవణీయత కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు. రొయ్యల చెరువుల వాళ్లు వాడేదే మనకూ పనికొస్తుంది, ఆక్వా మందుల షాపుల్లో దొరుకుతుంది. కాకపోతే మంచినీళ్లతో సున్నా సరిచూసి ఊరుకోకండి. 35 పీపీటీ ద్రావణంతో కూడా సరిచూసుకోండి.

మున్సిపల్ నీళ్లు వాడొచ్చా? ఇరవై లీటర్ల టిన్ను నీళ్లు?

రెండూ నేరుగా వద్దు. కుళాయి నీళ్లలో క్లోరిన్, నైట్రేట్, సిలికేట్ ఉంటాయి. బోరు నీళ్ల సంగతి గుంటూరు వాళ్లకి చెప్పనక్కర్లేదు. టిన్ను నీళ్లు ఆర్ఓవే అయినా రుచి కోసం లవణాలు వదిలేస్తారు, టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) పెడితే ఎంతో కొంత చూపిస్తుంది. మనకి అది సున్నా చూపాలి. ఇంటి ఆర్ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే ఒక డీఐ రెసిన్ గొట్టం బిగించుకుంటే సున్నాకి వస్తుంది. ఆర్ఓ వదిలే నీళ్లు గిన్నెలకీ బట్టలకీ వాడుకోండి.

ఇక్కడే కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటి ఉంది. నీళ్లు ఆవిరై తగ్గితే ఉప్పునీళ్లతో నింపుతారు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. కాబట్టి నింపాల్సింది ఉప్పు లేని ఆర్ఓ నీళ్లు. వేసవిలో నా ట్యాంకు రోజుకి నాలుగు లీటర్లు తాగుతుంది. తగ్గగానే తనంతట తాను నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఎంత పెద్ద ట్యాంకు పెట్టాలి? అపార్ట్‌మెంట్ నేల మోస్తుందా?

100 లీటర్లకు తగ్గకండి. నీళ్లు ఎంత తక్కువైతే అంత తొందరగా వేడెక్కుతాయి, లవణీయత అంత తొందరగా మారుతుంది. చిన్న ట్యాంకు సులువు అనుకుంటారు గానీ కాదు.

నాది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. దాదాపు 250 లీటర్లు. నీళ్లు, గాజు, రాళ్లు, స్టాండు అన్నీ కలిపి 400 కిలోలు దాటుతుంది. గది మధ్యలో కాకుండా గోడ వారన, కింద బీము వెళ్లే చోట పెట్టండి. పాత ఇల్లయితే ఇంజినీరుకి ఒకసారి చూపించండి. ఎండ పడే కిటికీ పక్కన వద్దు.

సంపు, స్కిమ్మర్ తప్పనిసరా?

సంపు అంటే ఇంటి ముందు తవ్విన నీళ్ల సంపు కాదు, ట్యాంకు కింద స్టాండులో పెట్టే రెండో గాజు తొట్టి. స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురగగా బయటికి తీసే పరికరం), చిల్లర్ పంపు, హీటరు అందులో దాక్కుంటాయి. తప్పనిసరి కాదు, ఉంటే చాలా సుఖం. పంపు ఆగినప్పుడు పైనుంచి దిగే నీళ్లు సంపులో పట్టాలి. మొదటి రోజే పంపు ఆపి, పొంగుతుందో లేదో చూసుకోండి.

నీళ్లు పోసిన ఎన్నాళ్లకి చేపలు వేయాలి?

నాలుగు నుంచి ఆరు వారాలు. చేప వదిలే అమ్మోనియా విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండూ రాళ్ల మీద, ఇసుకలో కుదురుకోవడానికి పట్టే సమయమే ఇది. చేపను వేసి ‘సైకిల్’ చేయడం (అంటే ఈ బ్యాక్టీరియాను కుదురుకోనివ్వడం) పాత పద్ధతి, దాన్ని హింసించడమే. అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం వేసి అమ్మోనియాను 2 పీపీఎంకి (పది లక్షల పాళ్లలో రెండు పాళ్లు) తెండి. ఒక రోజులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగుతుంటే ట్యాంకు సిద్ధమైనట్టు.

చెరువుల్లో రోజూ అమ్మోనియా కొలిచే రొయ్యల రైతు మీ చుట్టాల్లో ఉంటే ఈ విషయం ఆయన మనకంటే బాగా చెబుతాడు. అడగండి.

మొదటి చేపలు ఏవి?

హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జత. మన దేశంలోనే సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వీటిని పుట్టించే పద్ధతి సిద్ధం చేశారు, కాబట్టి సముద్రంలోంచి పట్టినవి కొనాల్సిన అవసరమే లేదు. చిన్నవి రెండు కొనండి. ఇవన్నీ పుట్టినప్పుడు మగవే. జతలో పెద్దది ఆడదిగా మారుతుంది. వీటికి సీ అనిమోన్ తప్పనిసరి కాదు, లెదర్ పగడాన్నే ఇల్లు చేసుకుంటాయి. నా జత అలాగే చేసింది.

తర్వాత ఒక గోబీ, ఒక బ్లెన్నీ. నెలకి ఒకటి చొప్పున. నాలుగడుగుల ట్యాంకుకి అయిదారు చిన్న చేపలు చాలు. మాండరిన్ చేప రంగులు చూసి ఆశపడకండి. అది రాళ్ల సందుల్లోని చిన్న చిన్న ప్రాణులనే తింటుంది, కొత్త ట్యాంకులో ఎండిపోయి చస్తుంది.

వైట్ స్పాట్ వస్తే?

మన జిల్లాల్లో వైట్ స్పాట్ అనగానే రొయ్యల వైరస్ గుర్తొస్తుంది. చేపలకి వచ్చేది అది కాదు, ఇది ఒక పరాన్నజీవి. చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. దీనికి రాగి మందు పనిచేస్తుంది గానీ రీఫ్ ట్యాంకులో వేయనే కూడదు. రాగి తగిలితే రొయ్యలు, నత్తలు, పగడాలు పోతాయి. చేపల్ని వేరే ట్యాంకుకి మార్చి అక్కడ వైద్యం చేయాలి. అసలు ట్యాంకును రెండున్నర నెలలు చేపలు లేకుండా వదిలేస్తే, పట్టుకోవడానికి చేప దొరక్క ఆ జీవి చస్తుంది. కొత్త చేపను ముందు నెల రోజులు విడిగా ఉంచడం వీటన్నిటికంటే తేలిక.

కాల్షియం, కేహెచ్ మందులు రోజూ పోయాలా?

మెత్తటి పగడాల ట్యాంకుకి వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే చాలావరకు అదే సరిపోతుంది. కేహెచ్ (నీళ్ల క్షారత్వం కొలత) 8 నుంచి 10, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం మధ్య ఉండాలి.

తగ్గుతుంటే వాడేది మనకు తెలియనిది కాదు, సున్నపు తేటే. కాల్షియం హైడ్రాక్సైడ్‌ను ఆర్ఓ నీళ్లలో కలిపి, తేరుకున్నాక పైన తేటను రాత్రిపూట చుక్కచుక్కగా వదలాలి. తాంబూలం సున్నం వద్దు, అందులో ఏముంటుందో తెలియదు. ఆహార పదార్థాలకు వాడే రకం కొనండి. దీని పీహెచ్ 12 పైనే ఉంటుంది, గబుక్కున పోస్తే ట్యాంకు మొత్తం పోతుంది. కేహెచ్ ఒక్కటే తగ్గితే స్వచ్ఛమైన వంట సోడా కొలిచి వాడొచ్చు. ఏది పోసినా ముందు కొలవండి, తర్వాతే పోయండి.

నెల తిరగకముందే అంతా గోధుమ రంగు పొర పట్టింది. పాడైపోయినట్టేనా?

కాదు. అవి డయాటమ్‌లు, ఒక రకం సూక్ష్మమైన నాచు. సిలికేట్ అయిపోగానే పోతాయి. ఆ తర్వాత పచ్చ నాచు వస్తుంది, కొందరికి ఎర్రటి జిగురు పొర వస్తుంది. ఆరు నెలల దాకా ట్యాంకు చూడ్డానికి బాగుండదు. నత్తలు వేయండి, మేత తగ్గించండి, లైటు ఎనిమిది గంటలకు మించనీయకండి. ఏ మందూ వేయకండి.

పాడైన ట్యాంకును మళ్లీ కట్టేటప్పుడు ఏవి ఉంచుకోవాలి, ఏవి పారేయాలి?

నేను తిరిగొచ్చిన రోజు తలుపు తీయగానే కుళ్లిన కోడిగుడ్ల వాసన. ఇసుక అడుగున ఆక్సిజన్ లేని చోట పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అది, విషవాయువు. కిటికీలన్నీ తీసి, ఫ్యాను పెట్టి, గాలి మారాకే ట్యాంకులో చెయ్యి పెట్టండి.

ఇసుక మొత్తం పారేయండి. కడిగి వాడాలని చూసి నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను. ఎంత కడిగినా బురద వస్తూనే ఉంటుంది.

రాళ్లు పనికొస్తాయి. కానీ వాటిని ముట్టుకునే ముందు ఒక హెచ్చరిక, ఇది ప్రాణానికి సంబంధించినది. జోయాంథిడ్లు, వాటి కుటుంబానికే చెందిన పాలీథోవాలు ఉన్న రాళ్లను ఎప్పుడూ ఉడకబెట్టకండి, వేడినీళ్లు పోయకండి, పొడిగా గీకకండి. కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ఆవిరిలో, తుంపరలో అది పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలు ఇతర దేశాల్లో ఉన్నాయి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, నీళ్లలో ముంచి ఉంచే పని చేయండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

తర్వాత పని ఇలా సాగుతుంది. పది పాళ్ల నీళ్లకు ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం కలిపి, రాళ్లను ఆరుబయట టబ్బులో ఒకటి రెండు రోజులు నానబెట్టాలి. ఈ నీళ్లలో యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. బాగా కడిగి, సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీళ్లలో ముంచి, డాబా మీద వారం పది రోజులు ఎండబెట్టండి. ఈ అభిరుచిలో మన ఎండ మనకి సాయం చేసేది ఇక్కడే. ఆ తర్వాత మూతపెట్టిన డ్రమ్ములో ఉప్పునీళ్లు పోసి, రాళ్లు వేసి, పంపు నడుపుతూ కొన్ని వారాలు వదిలేయాలి. పాత రాళ్లలో ఇంకిన ఫాస్ఫేట్ మెల్లగా బయటికొస్తుంది. వారానికోసారి కొలిచి, నీళ్లు మార్చాలి. ఫాస్ఫేట్ 0.1 పీపీఎం కిందకి దిగాకే ట్యాంకులో పెట్టండి. నాకు ఈ ఒక్క పనికే రెండు నెలలు పట్టింది. తొందరపడితే మళ్లీ నాచుతో ఏడాది పోరాడాల్సి వస్తుంది.

గాజు సంగతి: మూలల్లో సిలికాన్ గోరుతో లేస్తున్నా, లోపల గాలి బుడగలు కనిపించినా మళ్లీ వేయించండి. పాతదాని మీద కొత్త సిలికాన్ అంటుకోదు, పాతది బ్లేడుతో పూర్తిగా తీయాలి. బాత్రూములకు వాడే, ఫంగస్ మందు కలిపిన సిలికాన్ వద్దు. వారం ఆరనిచ్చి, మంచినీళ్లు నింపి, కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి రెండు రోజులు చూడండి. కాగితం తడిస్తే ఎక్కడ కారుతోందో అదే చెబుతుంది.

పంపులు వెనిగర్‌లో నానబెట్టి కడిగితే చాలావరకు మళ్లీ తిరుగుతాయి. టెస్ట్ కిట్ల గడువు తేదీ చూసుకోండి. పాత డీఐ రెసిన్ పారేయండి.

రాళ్లన్నీ టబ్బులో వేసే ముందు ఒక్కో రాయీ తిప్పి చూడండి. నేను చూశాను. ఒకదాని కింద గుంటలో శనగబద్దంత మష్రూమ్ ముక్కలు రెండు, ఇంకా రంగుతో ఉన్నాయి. వాటిని వేరే గాజు సీసాలో శుభ్రమైన ఉప్పునీళ్లతో ఉంచాను. ఇప్పుడు నా ట్యాంకులో ఉన్న మష్రూమ్‌లన్నీ వాటి సంతానమే.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

గాజు, స్టాండు ఉన్నా కూడా రెండోసారి నాకు లక్ష దాటింది. అందులో చిల్లర్, లైటు, బ్యాటరీయే ఎక్కువ భాగం. చేపలకూ పగడాలకూ అయింది చాలా తక్కువ. కరెంటు బిల్లు వేసవిలో బాగా పెరుగుతుంది, ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి.

ఇంట్లో దోమల మందు వాడొచ్చా?

ట్యాంకున్న గదిలో వద్దు. ద్రవం, కాయిలు, స్ప్రే దాదాపు అన్నిటిలోనూ పైరెత్రాయిడ్లు అనే పురుగుమందులు ఉంటాయి. అవి చేపలకీ రొయ్యలకీ చాలా విషం. స్కిమ్మర్ గది గాలిని పీల్చి నేరుగా నీళ్లలో కలుపుతుంది. దోమతెర కట్టుకోండి, కిటికీలకి మెష్ వేయించండి. చేతికి క్రీము, సబ్బు ఉన్నప్పుడు ట్యాంకులో చెయ్యి పెట్టకండి.

మార్చిన ఉప్పునీళ్లు మొక్కలకి పోయొచ్చా?

పోయకండి, మొక్కలు మాడిపోతాయి. మురుగు కాల్వకి కలిసే బాత్రూం డ్రెయిన్‌లో వదలండి. చేపల్నీ, పగడాల్నీ, నత్తల్నీ బందరు కాల్వలోనో కృష్ణలోనో వదిలేయకండి. మంచినీళ్లలో అవి నిమిషాల్లో నరకయాతన పడి చస్తాయి. ఇక పెంచలేమనుకుంటే ట్యాంకు ఉన్న ఇంకొకరికి ఇవ్వండి. ఆక్సిజన్ నింపిన కవర్లో, థర్మోకోల్ పెట్టెలో పెడితే గుంటూరు నుంచి విజయవాడకు హాయిగా వస్తాయి. ఎండ లేకుండా తెల్లవారుజామునే బయలుదేరండి.